అమ్మకి తోడు ఎవర్ని పెట్టాలి? పనిమనిషి, ఆయా, ఏజెన్సీ అటెండెంట్, హోమ్: ఏది ఎవరికి నప్పుతుంది

"ఇరవై నాలుగ్గంటలూ ఉండే మనిషి కావాలండీ" అని ఏజెన్సీకి ఫోన్ చేసి అడిగాను. తుంటి ఎముకకి ఆపరేషన్ అయ్యి, అమ్మ తెనాలిలో ఇంటికొచ్చిన వారం అది. నేను హైదరాబాద్‌లో, తమ్ముడు న్యూజెర్సీలో. ఇద్దరికీ ఒకటే టెన్షన్. అవతలి అమ్మాయి చాలా మర్యాదగా "రేపే పంపిస్తాం మేడమ్" అంది. పేషెంటు వయసెంత, బరువెంత, ఇంట్లో వెజ్జా నాన్‌వెజ్జా అని అడిగింది. అమ్మకి ఏ వేళకి ఏ సాయం కావాలో ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు. అప్పటికి నాకే తెలియదు.

వచ్చిన పిల్ల మంచిదే. ఇరవై రెండేళ్లుంటాయేమో. పగలు అమ్మకి పెద్దగా అవసరం ఉండదు కాబట్టి పక్కన కూర్చుని ఫోన్ చూసుకునేది. రాత్రి రెండింటికి అమ్మ బాత్‌రూమ్‌కి లేచే వేళకి ఆ పిల్ల గాఢనిద్రలో ఉండేది. పొద్దున ఐదింటికి లేచిన మనిషి అర్ధరాత్రి దాటాక నిద్రపోక ఏం చేస్తుంది? "పాపం పసిది, పడుకోనీవే" అని అమ్మ ఆమెను లేపేది కాదు. వాకర్ పట్టుకుని తనే వెళ్లేది. మా బాత్‌రూమ్ గడప నాలుగంగుళాల ఎత్తు. నెలకి పాతిక వేలు కడుతున్నాం, అమ్మ మాత్రం పడిపోయే చోట, పడిపోయే వేళకి ఒంటరిగానే ఉంది.

అయిదు వారాలకి అమ్మే ఫోన్లో మాట మధ్యలో చెప్పింది కాబట్టి తెలిసింది. లేకపోతే ఇంకా అలాగే నడిచేది.

ఆ తర్వాత ఏడాదిన్నరలో మేం దాదాపు అన్ని పద్ధతులూ చూశాం. కొన్ని మా ఇంట్లో, కొన్ని మా పిన్ని వాళ్లింట్లో. ఏ ఏర్పాటు మంచిదని ఎవరైనా అడిగితే నేను ముందు అడిగేది ఒకటే: మీ అమ్మగారికి చెయ్యి అందాల్సిన గంటలు ఏవి? అది తెలియకుండా రేట్లు పోల్చడం దండగ.

ముందు ఒక కాగితం

ఇంట్లో పెద్దవాళ్లకి కావలసిన సాయంలో చాలా భాగం వైద్యం కాదు. స్నానం, బట్టలు, బాత్‌రూమ్‌కి తీసుకెళ్లడం, మంచం దింపడం, అన్నం పెట్టడం, మందులు గుర్తు చేయడం, ఆస్పత్రికి వెంట వెళ్లడం, ఊరికే పక్కన కూర్చుని నాలుగు మాటలు చెప్పడం. వీటికి నర్సు చదువు అక్కర్లేదు, ఓపిక, నేర్పు ఉంటే చాలు. ఈ పనుల్నే కొలతగా పెట్టి మనిషి ఎంతవరకు సొంతంగా బతకగలడో లెక్కగట్టే పద్ధతిని 1963లో అమెరికా డాక్టరు సిడ్నీ కాట్జ్ ప్రచురించాడు. ఆరు పనులు: స్నానం, బట్టలు కట్టుకోవడం, టాయిలెట్‌కి వెళ్లడం, మంచం నుంచి కుర్చీకి మారడం, మలమూత్రాలు ఆపుకోగలగడం, తినడం. ఇవి దాదాపుగా ఇదే వరసలో చేజారతాయని ఆయన గమనించాడు. స్నానం ముందు, తినడం చిట్టచివర. పసిపిల్లలు నేర్చుకునే వరసకి ఇది తలకిందులు. 1969లో లాటన్, బ్రోడీ అనే ఇద్దరు దీనికి ఇంకో చిట్టా జోడించారు: ఫోన్, బజారు, వంట, ఇల్లు సర్దడం, బట్టలు ఉతకడం, ప్రయాణం, మందులు, డబ్బు లెక్కలు. ఇవి ఇంకా ముందే జారిపోతాయి.

మన ఇళ్లలో ఈ రెండో చిట్టా జారిపోతున్నప్పుడు ఎవరికీ తెలియదు. కరెంటు బిల్లు రెండుసార్లు కట్టేయడం, పాలు పొయ్యి మీద మర్చిపోవడం, బీపీ మాత్ర వేసుకున్నానో లేదో అని మళ్లీ ఇంకోటి వేసుకోవడం. "వయసు కదా" అనుకుని ఊరుకుంటాం. తీరా స్నానాల గదిలో పడ్డాకే అందరం లేస్తాం.

అందుకని ఏ ఏజెన్సీకీ ఫోన్ చేయకముందు రెండు రోజులు పక్కనే ఉండి ఒక కాగితం మీద గంటగంటకీ రాయండి. నేను రాసింది ఇలా ఉంది. అయిదున్నరకి మంచం దిగడం, చెయ్యి కావాలి. ఆరింటికి కాఫీ, ఫ్లాస్కులో పోసి పెడితే తనే తాగుతుంది. ఏడింటికి స్నానం, చెయ్యి కావాలి. ఎనిమిదికి టిఫిను, వండి పెడితే చాలు. తొమ్మిది నుంచి సాయంత్రం దాకా టీవీ, పేపరు, అరుగు మీద కబుర్లు, రెండుసార్లు వాకర్‌తో బాత్‌రూమ్, అప్పుడు ఎవరైనా కనిపెట్టి ఉంటే చాలు. ఏడున్నరకి మాత్రలు, గుర్తు చేయాలి. రాత్రి రెండుసార్లు లేవడం, చెయ్యి తప్పనిసరి.

మొత్తం చూస్తే పొద్దున మూడు గంటలు, రాత్రి రెండుసార్లు పది నిమిషాల చొప్పున. ఆ పది నిమిషాలే ప్రాణం. ఇరవై నాలుగ్గంటల మనిషి అవసరం లేదని ఆ కాగితమే చెప్పింది.

పనిమనిషికే ఇంకో రెండు గంటలు

రెండో చిట్టా పనులు మాత్రమే జారిన వాళ్లకి, అంటే ఒంట్లో సత్తువ ఉండి వంటా బజారూ భారమైన వాళ్లకి, నా ఓటు దీనికే. పదేళ్లుగా గిన్నెలు తోముతున్న మనిషికి ఇంట్లో ఏ డబ్బాలో ఏముందో, మామ్మగారికి ఏ మాటకి కోపం వస్తుందో తెలుసు. మధ్యలో కమీషన్ ఉండదు. భాష సమస్య ఉండదు.

కానీ ఆమెకి ఇంకో నాలుగిళ్లు ఉంటాయి. ఒక ఇంట్లో ఆలస్యమైతే మన ఇంట్లో స్నానం పదకొండుకి జరుగుతుంది. పైగా అరవై కిలోల మనిషిని లేపి నిలబెట్టడం గిన్నెలు తోమడం లాంటిది కాదు. "ఎలాగూ వస్తున్నావుగా, స్నానం కూడా చేయించిపో" అనడం చాలామంది చేసే పని. అది వేరే పని, దానికి వేరే జీతం. అలా మాట్లాడుకోకుండా నెత్తిన వేస్తే మూడో నెలకి రెండు పనులూ మానేస్తుంది.

ఏజెన్సీ అటెండెంట్

మాటల గురించి ఒక్కమాట. ఆయా, అటెండెంట్, కేర్‌టేకర్, పేషెంట్ కేర్ అని రకరకాలుగా అంటారు. చాలాచోట్ల అందరూ ఒకటే. కొందరు 'నర్స్' అని కూడా అనేస్తారు, అక్కడే జాగ్రత్తగా ఉండాలి. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఏజెన్సీలు రెండు రకాలు. ఒకటి మనిషిని చూపించి రిజిస్ట్రేషన్ ఫీజు తీసుకుని పక్కకి తప్పుకునేది. జీతం మనమే ఆమె చేతికిస్తాం, గొడవొస్తే మనమే పడతాం. రెండోది నెలనెలా తనే డబ్బు తీసుకుని, అందులో కొంత ఉంచుకుని మిగతాది మనిషికిచ్చేది. రెండో రకం ఖరీదెక్కువ. కానీ మనిషి రానిరోజు ఇంకొకర్ని పంపే బాధ్యత వాళ్లది. ఆ భరోసాకే మనం డబ్బిస్తున్నాం. కాబట్టి "మనిషి మానేస్తే ఎన్ని గంటల్లో ఇంకొకర్ని పంపుతారు? పంపకపోతే ఆ రోజుల డబ్బు తగ్గిస్తారా?" అన్నది మొదటి ప్రశ్న కావాలి. కాగితం మీద రాయించుకోండి. మాకు ఒకసారి తొమ్మిది రోజులు ఎవరూ రాలేదు, బిల్లు మాత్రం పూర్తిగా వచ్చింది. అడిగితే "పాలసీ మేడమ్" అన్నారు. ఆ పాలసీ ఏ కాగితం మీదా లేదు.

ఇంకోటి కూడా అడగండి: మేం కట్టే దాంట్లో ఆ మనిషి చేతికి ఎంత వెళ్తుంది? చాలామంది చెప్పరు. చెప్పిన వాళ్ల మీద నాకు నమ్మకం ఎక్కువ. పాతిక వేలు కడుతున్నామని మనం అనుకుంటుంటే ఆమె చేతికి పదిహేను వేలు అందితే, ఇంకో ఇంట్లో రెండు వేలు ఎక్కువిస్తామనగానే వెళ్లిపోతుంది. ఆమె తప్పేం లేదు.

ఇక పన్నెండు గంటలా, ఇరవై నాలుగా? అందరూ తికమకపడేది ఇక్కడే. ఇరవై నాలుగ్గంటల అటెండెంట్ అంటే ఇంట్లోనే ఉండి, తిని, పడుకునే ఒకే మనిషి. రోజంతా మెలకువగా ఉండే మనిషి అని కాదు. ఆమెకి రాత్రి ఆరేడు గంటల నిద్ర, పగలు కొంత విరామం, తిండి, స్నానం, పడుకోడానికి ఒక చోటు మనం చూడాలి. రాత్రి ఒకటి రెండుసార్లు లేవాల్సి వస్తే లేస్తుంది. నాలుగైదు సార్లు లేవాల్సిన పేషెంటైతే వారం తిరక్కుండానే చేతులెత్తేస్తుంది. అలాంటి చోట పగలొకరు, రాత్రొకరు చొప్పున రెండు పన్నెండు గంటల షిఫ్టులు పెట్టాలి. ఖర్చు ఒక మనిషిని ఇంట్లో ఉంచుకున్నదానికి రెట్టింపు దాకా పోవచ్చు. మంచంలోనే ఉన్న వాళ్లని పడకపుండ్లు రాకుండా రెండు గంటలకొకసారి పక్కకి తిప్పాలంటారు. ఒక్క మనిషితో రాత్రింబవళ్లు అది జరిగే పని కాదు. జరుగుతుందని ఏజెన్సీ చెప్తే నమ్మకండి.

పగటి పన్నెండు గంటలు తీసుకోవడం చాలామందికి అలవాటు, ఎందుకంటే పగలే మనం ఆఫీసులో ఉంటాం. కానీ మీ కాగితంలో గండం రాత్రి ఉంటే రాత్రి షిఫ్టే తీసుకోండి. రాత్రి షిఫ్టు మనిషి మెలకువగా ఉండాలనీ, పడుకోడానికి రావడం లేదనీ మొదటిరోజే స్పష్టంగా చెప్పాలి.

సర్టిఫికెట్ల సంగతి. ప్రభుత్వ నైపుణ్య శిక్షణలో జనరల్ డ్యూటీ అసిస్టెంట్ అనీ, హోమ్ హెల్త్ ఎయిడ్ అనీ కోర్సులున్నాయి. అది చేసిన వాళ్లు దొరికితే మంచిదే. అయితే నేను కాగితం కంటే చేతుల్నే చూస్తాను. పిన్ని వాళ్లింటికి ఇద్దరు వచ్చారు, ఒకరి తర్వాత ఒకరు. మంచం మీద నుంచి కుర్చీలోకి మార్చమన్నాం. మొదటావిడ ఎదురుగా నిలబడి రెండు చేతులూ పట్టుకుని లాగింది, పిన్ని అమ్మో అంది. రెండో ఆవిడ ముందు కుర్చీని పిన్నికి సత్తువున్న కాలి వైపుకి జరిపింది. చక్రాలకి బ్రేకు వేసింది. పిన్నిని మంచం అంచు దాకా జరిపి, కాళ్లు నేలకి ఆనాయో లేదో వంగి చూసింది. ఒక నిమిషం కూర్చోబెట్టి "కళ్లు తిరుగుతున్నాయా మామ్మగారూ?" అని అడిగింది. తన మోకాలు పిన్ని మోకాలికి ఆనించి, నడుము దగ్గర చెయ్యి వేసి, "మూడు అనగానే లేద్దాం" అంది. ఆవిడ దగ్గర ఏ సర్టిఫికెట్టూ లేదు. ఆస్పత్రి వార్డులో ఆరేళ్లు ఆయాగా చేసిందట. ఆవిడే ఉండిపోయింది.

మగవాళ్ల సంగతికొస్తే, నాన్నగారికి స్నానం చేయించాలంటే మగ అటెండెంటే కావాలి, లేకపోతే ఆయనే ఒప్పుకోరు. మగ అటెండెంట్లు దొరకడం కష్టం, ముఖ్యంగా చిన్న ఊళ్లలో. ముందే అడిగి పెట్టుకోవాలి.

భాష కూడా చూసుకోవాలి. హైదరాబాద్ ఏజెన్సీలు ఒడిశా నుంచి, ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చిన వాళ్లని కూడా పంపుతుంటాయి. పనిలో వంక పెట్టలేం. కానీ అమ్మకి తెలుగు తప్ప రాదు, కాలు లాగుతోందని హిందీలో చెప్పలేదు. మతిమరుపు మొదలైన వాళ్లకైతే భాష తెలియని మనిషిని పెట్టడం నా దృష్టిలో పెద్ద పొరపాటు.

ఇక "మీరేవిట్లు?" అనే ప్రశ్న. వంటగదిలోకి రానివ్వాలంటే ఫలానా కులం మనిషే కావాలని ఏజెన్సీలని అడిగే ఇళ్లు ఈ రోజుకీ ఉన్నాయి. మలమూత్రాలు ఎత్తడానికి పనికొచ్చిన చెయ్యి మంచినీళ్లు ఇవ్వడానికి పనికిరాదా అని నాకు అడగాలనిపిస్తుంది. ఆ వాదన పక్కన పెట్టినా, ఈ షరతు పెట్టిన ఇంటికి మంచి పనిమంతులు దొరకరు. ఇది నేను కళ్లారా చూశాను.

నర్సు ఎప్పుడు కావాలి

గీత ఎక్కడుందో తెలుసుకోండి. ఇన్సులిన్, ఇతర ఇంజెక్షన్లు, యూరిన్ పైపు మార్చడం, ముక్కు పైపు గుండా ఆహారం పోయడం, గొంతులో కఫం మెషీన్‌తో తీయడం, లోతు పుండ్లకి డ్రెస్సింగ్. ఇవి శిక్షణ ఉన్న వాళ్లు చేయాల్సిన పనులు. మాత్రలు డబ్బాలోంచి తీసి చేతికివ్వడం అటెండెంట్ చేయొచ్చు. ఏ మాత్ర, ఎంత అని నిర్ణయించడం ఆమె పని కాదు. షుగర్ తగ్గినట్టుందని సొంతంగా ఇన్సులిన్ మానేయించడం, పెంచడం అసలే కాదు.

నర్సు పేరుతో వచ్చిన మనిషి చదివిన నర్సింగ్ కోర్సు ఏది, ఏఎన్‌ఎమ్మా, జీఎన్‌ఎమ్మా, బీఎస్సీ నర్సింగా అని అడిగి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు చూపించమనండి. చూపించకపోతే ఆమె అటెండెంటే, అటెండెంట్ రేటే ఇవ్వండి. దీనికి తిరగబడ్డ తప్పు కూడా ఉంది. రోజుకి ఒక్క ఇంజెక్షన్ కోసం పన్నెండు గంటల నర్సుని పెట్టుకునే వాళ్లున్నారు. ఆ ఒక్క పనికి నర్సు రోజూ వచ్చి వెళ్లేలా మాట్లాడుకుని, మిగతా టైముకి అటెండెంట్‌ని పెట్టుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది.

నెల చందా కట్టే 'ఎల్డర్ కేర్' కంపెనీలు

పిల్లలు అమెరికాలో, తల్లిదండ్రులు విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఉన్న కుటుంబాలకి ఇవి బాగా ఎక్కాయి. ఒక కేర్ మేనేజర్ వారానికో పదిహేను రోజులకో ఇంటికొచ్చి చూసి వెళ్తాడు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తాడు. బీపీ, షుగర్ రాసి వాట్సాప్‌లో ఫొటో పెడతాడు. ప్లంబర్‌ని పంపుతాడు. అర్ధరాత్రి ఫోన్ చేస్తే అంబులెన్స్ మాట్లాడతాడు.

మా తమ్ముడికి ఇది చాలా నచ్చింది. ఫొటో చూస్తే వాడికి నిద్ర పడుతుంది. తప్పు పట్టను. కానీ ఈ చందాలో స్నానం లేదు, రాత్రి బాత్‌రూమ్ లేదు. నడుస్తూ తిరుగుతూ ఉన్న తల్లిదండ్రులకి, ముఖ్యంగా ఇద్దరూ ఉన్న ఇంటికి ఇది మంచి ఏర్పాటు. ఒంటరిగా ఉండి చెయ్యి కావాల్సిన వాళ్లకి మాత్రం ఇదొక్కటే సరిపోదు. చందా కట్టేముందు ఎమర్జెన్సీలో వచ్చే మనిషి నిజంగా ఆ ఊళ్లోనే ఉంటాడా అని అడగండి. తెనాలికి గుంటూరు నుంచి వస్తానంటే, ఆ లోపల 108 వచ్చి ఆస్పత్రిలో దింపేస్తుంది.

హోమ్‌లో చేర్చడం

ఈ మాట ఎత్తగానే మన ఇళ్లలో ఏడుపులు మొదలవుతాయి. "నన్ను ఆశ్రమంలో పడేస్తావా?" అని. కానీ ఇంట్లో ఉంచడమే ప్రేమ, హోమ్ అంటే వదిలించుకోవడం అనే లెక్క నాకు ఎక్కదు. మూడో అంతస్తు ఫ్లాట్‌లో, లోపల గొళ్లెం పెట్టి, ఒక తెలియని అమ్మాయితో రోజంతా టీవీ ముందు కూర్చోబెట్టడం ఏం గొప్ప?

ఇద్దరు మనుషులు పట్టుకుంటే తప్ప కదలలేని పరిస్థితిలో, మతిమరుపు ముదిరి రాత్రిళ్లు తలుపు తీసుకుని వెళ్లిపోతున్నప్పుడు, ఊళ్లో చూసుకునే బంధువు ఒక్కరూ లేనప్పుడు ఇరవై నాలుగ్గంటలూ షిఫ్టుల్లో మనుషులుండే అసిస్టెడ్ లివింగ్ చోటే క్షేమం. వెళ్లి చూసేటప్పుడు రిసెప్షన్ చూడకండి. చెప్పకుండా రాత్రి ఎనిమిదికి వెళ్లి, ఎంతమంది పేషెంట్లకి ఎంతమంది ఆయాలున్నారో లెక్కపెట్టండి. పరుపుల దగ్గర వాసన చూడండి. డిపాజిట్ ఎంత తిరిగొస్తుందో, ఆస్పత్రిలో ఉన్న రోజులకి కూడా అద్దె వేస్తారో చదివి సంతకం పెట్టండి. మతిమరుపు విషయంలో సలహా కావాలంటే అల్జీమర్స్ బాధితుల కుటుంబాల కోసం 1992 నుంచి పనిచేస్తున్న ఏఆర్‌డీఎస్‌ఐ సంస్థకి హైదరాబాద్‌లో శాఖ ఉంది.

జీతం లేని మనిషి

అన్నిటికంటే ఎక్కువగా వాడుతున్న పద్ధతి గురించి ఎవరూ రాయరు: కోడలు. లేదా పెళ్లికాని కూతురు, లేదా భర్త పోయిన దూరపు బంధువు. "ఇంట్లో మనిషి ఉండగా డబ్బులెందుకు దండగ" అనే ఇళ్లలో ఆ మనిషి నడుము విరుగుతుంటుంది. అలాంటి ఇంట్లో కూడా పొద్దున స్నానానికి రెండు గంటలు బయటి మనిషిని పెట్టండి. బరువైన పని పోతే మిగతాది ఆమె ఓపిగ్గా చేయగలదు.

బంధువునో తెలిసిన కుటుంబాన్నో ఇంట్లో పెట్టి "చివరిదాకా చూసుకోండి, ఇల్లు రాసిస్తాను" అనే ఒప్పందాలు మన ఊళ్లలో కొత్త కాదు. అలా రాసేటప్పుడు పోషణ, సంరక్షణ చూస్తేనే ఈ ఆస్తి అని దస్తావేజులోనే స్పష్టంగా రాయించండి. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం 2007లో సెక్షన్ 23 ఉంది. షరతు తప్పితే ఆ బదిలీని రద్దు చేయమని ఆర్డీవో అధ్యక్షతన ఉండే ట్రైబ్యునల్‌కి వెళ్లొచ్చు. షరతు నోటిమాటగా ఉండిపోతే తిప్పలే.

ఖర్చు ఎవరు పెట్టుకోవాలి

మనమే. డెబ్బై దాటిన వాళ్లందరికీ ఆదాయంతో పని లేకుండా కుటుంబానికి ఏడాదికి అయిదు లక్షల దాకా వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ భారత్ వయ వందన కార్డు 2024 అక్టోబరులో మొదలైంది. అయితే అది ఆస్పత్రిలో చేరితే పనికొచ్చేది. ఇంట్లో ఆయా జీతానికి రాదు. మామూలు ఆరోగ్య బీమాలు కూడా సాధారణంగా ఇవ్వవు. కాబట్టి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు మొదటి నెలలోనే కూర్చుని ఎవరెంత అని మాట్లాడుకోవాలి. డాలర్లు పంపేవాడు డబ్బు పెడతాడు, దగ్గరున్నవాళ్లు పరుగులు పెడతారు. ఆ పరుగులకి కూడా లెక్క ఉండాలని నేను గట్టిగానే అడిగాను. రెండు నెలలు మాటల్లేవు, తర్వాత సర్దుకున్నాం.

మొదటిరోజుకి ముందు

ఎవర్ని పెట్టినా ఆధార్ కాపీ, ఫొటో, సొంతూరి చిరునామా తీసుకుని పోలీసులకి వివరాలివ్వండి. అమ్మ గాజులు, గొలుసు లాకర్లో పెట్టండి. ఏటీఎం పిన్ను, ఫోన్‌పే పిన్ను పనికొచ్చిన మనిషికి చెప్పే అవసరం ఎప్పుడూ రాకుండా ఇంటి ఖర్చుకి వారానికింత అని నగదు ఒక డబ్బాలో పెట్టి పుస్తకంలో రాయమనండి. ఇది అనుమానంతో చేసే పని కాదని ఆమెకే చెప్పండి. రేపు వంద రూపాయలు కనపడకపోతే ముందు నింద పడేది ఆమె మీదే. ఆ పుస్తకం ఆమెకే రక్ష.

కెమెరా పెట్టాలనుకుంటే హాల్లో పెట్టండి, పెట్టామని చెప్పండి. పడకగదిలో, స్నానాల గదిలో వద్దు. అమ్మకీ ఒక పరువుంది.

ఏదైనా అనుమానం వస్తే, కొట్టడం, తిండి పెట్టకపోవడం, డబ్బు లాక్కోవడం లాంటివి కనిపిస్తే 14567కి ఫోన్ చేయొచ్చు. అది వయోవృద్ధుల జాతీయ హెల్ప్‌లైన్, పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా తెలుగులోనే మాట్లాడతారు. ఈ హెల్ప్‌లైన్ మొదలైంది హైదరాబాద్‌లోనే, 2017లో.

ఆఖరుగా సెలవులు. నెలకి రెండో నాలుగో రోజులు సెలవు ముందే మాట్లాడుకోండి. ఏడాదికొకసారి మాత్రం ఎవరితోనూ మాట్లాడుకోలేని సెలవు ఒకటుంది, సంక్రాంతి. ఆ వారం ఏజెన్సీలు ఫోన్లు కూడా ఎత్తవు. నవంబరులోనే ఎవరు వస్తారో రాసి పెట్టుకోవాలి.

మేం ఇప్పుడు ఎలా ఉన్నామంటే: పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా పక్క వీధి ఆవిడ వచ్చి స్నానం, టిఫిను చూస్తుంది, ఐదు వేలు. రాత్రి ఎనిమిదిన్నరకి ఇంకో పెద్దావిడ వచ్చి అమ్మ మంచం పక్కనే నవారు మంచం వేసుకుని పడుకుంటుంది, ఏడు వేలు. పగలంతా ఆమె ఇంట్లో ఆమె ఉంటుంది కాబట్టి రాత్రి పిలిస్తే లేస్తుంది. అమ్మ తలగడ కింద ఒక కాలింగ్ బెల్ బటన్ ఉంది, ఆన్‌లైన్‌లో నాలుగొందలకి కొన్నది. మొహమాటపడి పిలవని మనిషికి బటన్ నొక్కడం సులువైంది. గడప కొట్టించేశాం. తాపీమేస్త్రీకి సగం రోజు పని.

మా ఊరి లెక్క మీ ఊరికి వర్తించకపోవచ్చు. అమ్మ పరిస్థితి కూడా ఇలాగే ఉండదు, మూడు నెలలకొకసారి కాగితం మళ్లీ రాస్తున్నాను. మొన్న రాసినదాంట్లో రాత్రి రెండు కాస్తా మూడయ్యాయి. నిన్న రాత్రావిడ ఫోన్ చేసి, "ఈసారి పండక్కి మా అమ్మాయి పురిటికొచ్చిందమ్మా, నాలుగు రోజులు రాలేను" అంది. ఆ నాలుగు రాత్రులూ నవారు మంచం నాది. రైలు టిక్కెట్టు వెయిటింగ్ లిస్టు పదకొండులో ఉంది.